తొమ్మిదేళ్లుగా డైనాకో స్టీరియో 70 వింటున్నాను

స్విచ్ వేయగానే పాట రాదు. ముందు ఈ యాంప్లిఫయర్‌లోని గాజు ట్యూబుల లోపల సన్నగా నారింజ రంగు వెలుగు రాజుకుంటుంది. కొన్ని క్షణాలకు స్పీకర్లలో లీలగా ఒక సవ్వడి, ఆ తర్వాతే సంగీతం. తొమ్మిదేళ్లుగా దాదాపు ప్రతి రాత్రీ ఇదే చూస్తున్నా, ఇప్పటికీ పక్కనే కూర్చుని చూడాలనిపిస్తుంది.

ఇది 1959లో మార్కెట్‌లోకి వచ్చిన స్టీరియో పవర్ యాంప్, అంటే స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్. ఛానెల్‌కు 35 వాట్లు. ఛానెల్‌కు రెండు చొప్పున నాలుగు ఈఎల్34 పవర్ ట్యూబులు, వాటికి ముందుండే చిన్న ట్యూబులు రెండు 7199లు, ఏసీ కరెంటును డీసీగా మార్చే ఒక జీజెడ్34 రెక్టిఫైయర్. అప్పట్లో కిట్‌గా కూడా అమ్మేవారు, కొన్నవాళ్లే ఇంట్లో సోల్డరింగ్ చేసి బిగించుకునేవారు. నాది అలా ఎవరో చేత్తో కట్టుకున్నదే. అడుగు ప్లేటు విప్పితే ఒక మూల సోల్డర్ ముద్దలు ముద్దలుగా ఉంటుంది, అవతలి మూలకు వచ్చేసరికి నున్నగా, పొందిగ్గా ఉంటుంది. పని చేస్తూ చేస్తూ ఆ మనిషికి చెయ్యి తిరిగిందన్నమాట.

దీని గొప్పతనమంతా గొంతులో ఉంది. పాడే మనిషి చరణం అందుకునే ముందు తీసుకునే ఊపిరి, పెదాలు విడివడే చిన్న చప్పుడు, వయొలిన్ కమాను తీగను తాకే ఆ మొదటి రాపిడి, ఇవన్నీ వాల్యూమ్ బాగా తగ్గించి విన్నా చెక్కుచెదరవు. ఇంట్లో అందరూ పడుకున్నాక వినే నాలాంటివాళ్లకు అంతకంటే కావాల్సిందేముంది? పాత మోనో రికార్డింగులైతే మరీ బాగుంటాయి. గంటలకొద్దీ విన్నా చెవి అలసిపోదు.

ఈ తీయదనానికి కారణం సెకండ్ హార్మోనిక్ డిస్టార్షన్ (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో యాంప్ కలిపే ధ్వని) అని చాలామంది చెబుతారు. రెండేసి ట్యూబులు ఎదురెదురుగా పనిచేసే ఇలాంటి పుష్‌పుల్ యాంప్‌లకు ఆ మాట పూర్తిగా అతకదు, ఎందుకంటే అవుట్‌పుట్ దశలో సరి సంఖ్య హార్మోనిక్స్ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నా అనుభవంలో అసలు సంగతి స్పీకర్‌తో జత కుదరడం. ట్రాన్సిస్టర్ యాంప్‌తో పోలిస్తే ట్యూబ్ యాంప్‌కు స్పీకర్ మీద పట్టు తక్కువ, అందుకే స్పీకర్ స్వభావం ధ్వనిలో ఎక్కువగా బయటపడుతుంది. మొదటి రెండేళ్లు నా దగ్గరున్న చిన్న స్పీకర్ల ఇంపిడెన్స్ (కరెంటుకు అవి ఇచ్చే అడ్డు) కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 3 ఓమ్‌లకు పడిపోయేది. బేస్ వదులుగా, బుసబుసమంటూ వచ్చేది. తీగల్ని 8 ఓమ్‌ల నుంచి 4 ఓమ్‌ల టెర్మినల్‌కు మార్చాక కాస్త బిగిసింది. 90 డెసిబెల్స్ దాటిన సెన్సిటివిటీ ఉన్న, అంటే తక్కువ వాట్లకే గట్టిగా మోగే స్పీకర్లు తెచ్చాక గానీ ఈ యాంప్ అసలు ఏమిటో నాకు అర్థం కాలేదు. అయినా, డ్రమ్స్ గట్టిగా మోగే సంగీతంలో మంచి ట్రాన్సిస్టర్ యాంప్ ఇచ్చే బిగువు ఇది ఇవ్వదు.

ఇక బయాస్, అంటే పాట లేనప్పుడు కూడా పవర్ ట్యూబుల్లో పారే కరెంటును సరిచేసుకోవడం. ముందు వైపున్న సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టి, స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పుతూ 1.56 వోల్టులకు తేవాలి. లోపల 15.6 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి ఆ లెక్కన 100 మిల్లీయాంప్‌లు, అంటే ట్యూబుకు 50. ఒక ఛానెల్‌లోని రెండు ట్యూబులకూ కలిపి ఒకే కొలత వస్తుంది. ఒకటి ఎక్కువ లాగి ఇంకోటి తక్కువ లాగినా మీటర్‌లో తెలియదు. అందుకే జత కుదిర్చిన ట్యూబులే వాడాలి.

మూడో ఏడు నేను కొన్ని నెలలపాటు బయాస్ చూడకుండా వదిలేశాను. ఒక రాత్రి లైటు ఆర్పి వింటుంటే ఒక ఈఎల్34 లోపలి లోహపు పలక కాల్చిన ఇనుములా ఎర్రబడి ఉంది. గుండె ఝల్లుమంది, పరుగున వెళ్లి ఆపేశాను. బయాస్ సరఫరాలోని సెలీనియం రెక్టిఫైయర్ వయసు మీరి బలహీనపడింది, దాంతో బయాస్ అదుపు తప్పి ఆ ట్యూబు కరెంటు మితిమీరి లాగింది. దాని చోట సిలికాన్ డయోడ్ వేయించి, అదే చేత్తో ఫిల్టర్ కెపాసిటర్ కూడా మార్పించాను. అంతవరకూ ఉన్న గుంయ్‌మనే హమ్ దాంతోనే పోయింది. ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. లోపల 400 వోల్టులకు పైగా ఉంటుంది, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది.

ఈఎల్34లు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి, నేను రెండుసార్లు మార్చాను. 7199లు దొరకడమే కష్టం, ఒక జత దాచి ఉంచాను. వేడి మాత్రం గట్టిగానే వస్తుంది, మూసిన అలమారాలో పెట్టకండి.

కొనాలనుకుంటే ట్యూబుల వెలుగు చూసి మురిసిపోకుండా ముందు ట్రాన్స్‌ఫార్మర్లు పరీక్షించండి. ట్యూబులు, కెపాసిటర్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఈ యాంప్ ప్రాణం మాత్రం ట్యూబులకూ స్పీకర్లకూ మధ్య ఉండే ఆ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లలోనే ఉంది. స్పీకర్లు తగిలించకుండా పాట పెడితే అవే కాలిపోయే ప్రమాదముంది. అందుకని వినిపించి చూపమని అమ్మేవాళ్లను అడిగేటప్పుడు రెండు స్పీకర్లూ మీరే వెంట తీసుకెళ్లండి.