రియోహానా, రిబేరానా? మరి గార్నాచా సంగతేంటి?

స్పెయిన్ రెడ్ వైన్ కొందామని షాపుకెళితే ముందు కంటపడేవి రెండు ప్రాంతాల పేర్లు: రియోహా, రిబేరా దెల్ ద్వెరో. లండన్‌లో అయినా, డాలస్‌లో అయినా దాదాపు ఇదే వరస. రెండింటికీ వీరాభిమానులున్నారు. తమాషా ఏంటంటే రెండు సీసాల్లోనూ ఎక్కువగా ఉండేది ఒకటే ద్రాక్ష, టెంప్రానియో. రిబేరా వాళ్లు దాన్నే తింతో ఫినో అంటారు, ఇంకాస్త పడమరకి వెళితే తోరోలో తింతా దె తోరో అంటారు. రకం ఒకటే. కాబట్టి ఇక్కడ తేడా అంతా నేలదీ, ఎత్తుదీ, పీపాదీ.

టెంప్రానియో తొందరగా పండే రకం. తొక్క మందం కాబట్టి రంగు బాగా దిగుతుంది. పులుపు ఓ మోస్తరుగా ఉంటుంది. చెర్రీ, ప్లమ్ లాంటి పళ్ల వాసన, వయసు మీద పడ్డాక కాస్త తోలు, పొగాకు. అంతకు మించి తనదంటూ గట్టి ముద్ర వేసే ద్రాక్ష కాదు. ఓక్ పీపాలో ఎన్నాళ్లుంచితే అంతగా ఆ పీపా గుణం పట్టుకుంటుంది. రియోహా కథంతా ఈ లక్షణం మీదే నడిచింది.

రియోహా ఉత్తర స్పెయిన్‌లో ఎబ్రో నది వెంట ఉంటుంది. ఉత్తరాన కాంతాబ్రియా కొండలు అడ్డుగా ఉండి అట్లాంటిక్ చలిగాలిని, వానని చాలావరకు ఆపుతాయి. 19వ శతాబ్దం రెండో సగంలో ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని ఫిలాక్సెరా పురుగు తినేస్తుంటే బోర్దో వ్యాపారులు సరుకు కోసం ఇక్కడికొచ్చారు. వాళ్లతో పాటు 225 లీటర్ల చిన్న ఓక్ పీపాల పద్ధతి కూడా బలపడింది. హారో ఊళ్లో రైల్వే స్టేషన్ పక్కనే పెద్ద పెద్ద వైనరీలు వరసగా ఎందుకున్నాయంటే కారణం ఇదే, పీపాలు నేరుగా రైలెక్కించెయ్యొచ్చు. 1877లో మొదలైన లోపెస్ దె ఎరెదియా ఇప్పటికీ అక్కడే ఉంది, తన పీపాలు తనే తయారు చేసుకుంటుంది.

పీపా పద్ధతి ఫ్రాన్స్ వాళ్లదైనా, కలప మాత్రం ఎక్కువగా అమెరికాది. పాత తరహా రియోహాలో కొబ్బరి, వనిల్లా వాసన వచ్చేది అందుకే. చాలామంది మొదటిసారి వాసన చూసి, ఇందులో ఏదో కలిపారని అనుకుంటారు. ఏమీ కలపరు, అంతా చెక్క మహిమే.

ఇక సీసా మీద రాసే మాటలు. రియోహాలో క్రియాన్సా అంటే కనీసం రెండేళ్లు నిల్వ ఉంచినది, అందులో ఒక ఏడాది పీపాలో. రెసెర్వా అంటే మూడేళ్లు, అందులో ఏడాది పీపాలో, కనీసం ఆర్నెల్లు సీసాలో. గ్రాన్ రెసెర్వా అయిదేళ్లు, అందులో రెండేళ్లు పీపాలో, రెండేళ్లు సీసాలో. వెనక అంటించిన చిన్న ముద్ర రంగు చూసినా తెలిసిపోతుంది: క్రియాన్సాకి ఎరుపు, రెసెర్వాకి ముదురు మెరూన్, గ్రాన్ రెసెర్వాకి నీలం, ఇలాంటి నిల్వ నిబంధన లేని లేత వైన్లకి ఆకుపచ్చ. కొన్ని సీసాలకి చుట్టూ బంగారు రంగు తీగల వల ఉంటుంది. అప్పట్లో ఖాళీ సీసాలో నాసిరకం పోసి అమ్మకుండా పెట్టిన ఏర్పాటు అది. ఇప్పుడు అలంకారమే, దాని కోసం డబ్బు ఎక్కువ పెట్టక్కర్లేదు.

చాలామంది పప్పులో కాలేసేది ఈ మెట్ల దగ్గరే. గ్రాన్ రెసెర్వా అంటే ఫస్ట్ క్లాస్, క్రియాన్సా అంటే థర్డ్ క్లాస్ అనుకుంటారు. ఆ మాటలు చెప్పేది వైన్ ఎన్నాళ్లు ఆగిందన్నదే. ఏ తోటలో పండింది, ఏ నేల, ఎంత ముదురు తీగ అన్నది చెప్పవు. ఈ గొడవతోనే ఆర్తాది అనే పేరున్న వైనరీ 2015 చివర్లో రియోహా పేరుకున్న అధికారిక నిబంధనల వ్యవస్థ నుంచి బయటికొచ్చేస్తున్నట్టు ప్రకటించింది. తర్వాత 2017లో ఒకే తోట పేరు మీద వైన్ అమ్ముకునేలా రియోహా కొత్త వర్గం తెచ్చింది. మంచి తోట క్రియాన్సా ముందు మామూలు గ్రాన్ రెసెర్వా వెలవెలబోవడం మామూలే. పైగా గ్రాన్ రెసెర్వాలో పళ్ల రుచి తగ్గి ఎండుటాకులు, తోలు, పుట్టగొడుగు లాంటి వాసనలు పైకొస్తాయి. అది కొందరికి ప్రాణం, కొందరికి ‘పాడైపోయిందా ఏంటి’ అన్న అనుమానం. గ్లాసులో అంచు దగ్గర రంగు ఎరుపు పోయి ఇటుక రంగులోకి తిరిగి ఉంటే కంగారు పడకండి, దాని వయసుకి అది సహజం.

రిబేరాకి వద్దాం. ద్వెరో నది వెంట, సముద్రమట్టానికి 700 మీటర్ల నుంచి దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉన్న మైదానం. ఎండాకాలం పగలు మాడ్చేస్తుంది, రాత్రయితే చలి. పగటి ఎండకి పండు పక్వానికొస్తుంది, రాత్రి చలికి పులుపు నిలబడుతుంది. తొక్క ఇంకా మందమవుతుంది. అందుకే రిబేరా గ్లాసులో పోస్తే అడుగు కనిపించనంత చిక్కటి రంగు. ఆ చలికి మూల్యం కూడా చెల్లించాల్సొస్తుంది. 2017 ఏప్రిల్ చివర్లో పడ్డ మంచుకి చిగుళ్లు మాడిపోయి ఆ ఏడు దిగుబడి బాగా దెబ్బతింది.

ఇక్కడ వేగా సిసీలియా వైనరీ 1864 నుంచీ ఉంది. బోర్దో నుంచి తెచ్చిన తీగలతో మొదలై, టెంప్రానియోకి కాస్త కాబర్నే సోవిన్యాన్ ద్రాక్ష కలిపి చేసే ‘ఊనికో’ వైన్‌ని సుమారు పదేళ్లు ఆపి గాని అమ్మరు. అయినా రిబేరాకి అధికారిక గుర్తింపు వచ్చింది 1982లోనే. 1980ల్లో అలెహాంద్రో ఫెర్నాందెస్ తన పెస్కేరా వైన్‌తో ఈ పేరుని దేశదేశాలకీ తీసుకెళ్లారు. అంటే రియోహా ముందు రిబేరా నిన్నగాక మొన్నటిది. ఆ కుర్రతనం వైన్‌లో కూడా కనిపిస్తుంది: ఫ్రెంచ్ ఓక్ వాడకం ఎక్కువ, రుచి ముదురు, ఆల్కహాల్ 14.5 శాతం పైన ఉండటం సాధారణం.

నోట్లో తేడా ఎలా ఉంటుందంటే, రియోహా రెసెర్వా గుక్క వేస్తే మెత్తగా జారిపోతుంది, మింగాక వాసన నిలుస్తుంది. లేత రిబేరా క్రియాన్సా తాగితే చిగుళ్లకీ బుగ్గల లోపలకీ పచ్చి జామకాయ కొరికినట్టు వగరు పడుతుంది. ఆ వగరే టానిన్. పక్కన మాంసం కొవ్వు ఉంటే అది చల్లబడుతుంది. అరాందా దె ద్వెరో ఊళ్లో పాలు తాగే వయసు గొర్రెపిల్లని కట్టెల పొయ్యిలో కాల్చి, ఆ మాంసంతో రిబేరా తాగడం ఊరికే రివాజు కాలేదు. ఏమీ తినకుండా ఊరికే సిప్ చేయడానికి మాత్రం లేత రిబేరా సరిపడదు.

రెండింటిలో ఒకటే కొనమంటే నేను రియోహా రెసెర్వాకే ఓటేస్తాను. డబ్బుకి తగ్గ వయసు మనకి వాళ్లే చేర్చి ఇస్తున్నారు. రిబేరాలో ఆ మెత్తదనం కావాలంటే ఇంట్లో నాలుగేళ్లో అయిదేళ్లో దాచుకోవాలి, మన ఎండల్లో ఏసీ లేని గదిలో అది జరిగే పని కాదు. యూరప్ షాపుల్లో చూసినా ఒకే మెట్టులో రిబేరా ధర సాధారణంగా కాస్త ఎక్కువే. ఇద్దరు ముగ్గురు మాంసం ప్రియులు కూర్చునే రాత్రయితే మాత్రం రిబేరాదే పైచేయి, అక్కడ వాదన లేదు.

ఇంతా చెప్పాక, రోజువారీకి నేను ఈ రెండూ వదిలేసి గార్నాచా వైపు వెళతాను.

గార్నాచా ఎండకీ గాలికీ తట్టుకునే మొండి ద్రాక్ష. ఫ్రాన్స్‌లో గ్రెనాష్, సార్దీనియాలో కన్నొనావు అంటే ఇదే. తొక్క పల్చన, రంగు తక్కువ, వగరు తక్కువ, పండులో తీపి మాత్రం దండిగా, ఆ చక్కెరే పులిసి మారుతుంది కాబట్టి ఆల్కహాల్ ఎక్కువ. ఆరగాన్ ప్రాంతంలోని కాంపో దె బోర్హా, కాలతాయూద్‌లలో పందిరి లేకుండా పొదల్లా పెరిగే ముసలి తీగలున్నాయి. చాలాకాలం దీన్ని రంగు లేని, పనికిరాని చవక ద్రాక్షగా చూశారు. యూరప్ ప్రభుత్వాలు డబ్బిచ్చి మరీ ద్రాక్షతోటలు పీకించిన రోజుల్లో ఎన్నో ముసలి గార్నాచా తోటలు పోయాయి. మిగిలినవాటికి ఇప్పుడు గిరాకీ. అయినా బోర్హా గార్నాచా పది యూరోల లోపే మంచిది దొరుకుతుంది. స్ట్రాబెర్రీ, మిరియాలు, ఎండిన అడవి మూలికల వాసన. పీపా వాసన పెద్దగా ఉండదు, అదే నాకు నచ్చేది.

అదే గార్నాచా మాడ్రిడ్‌కి పడమరనున్న గ్రేదోస్ కొండల్లో, గ్రానైట్ నేల మీద, ఎత్తులో పండితే వేరే వైనా అనిపిస్తుంది. లేత ఎరుపు, సువాసన, తేలిక. 2008లో మొదలైన కొమాందో జి అనే వైనరీ వల్ల ఆ కొండల పేరు బయటికొచ్చింది, ధరలు కూడా పైకెళ్లాయి.

ప్రియొరాట్ అయితే మరో కొస. కాతలోనియాలో నల్లటి పలకరాయి వాలుల మీద గార్నాచా, కరిన్యేనా అనే మరో ద్రాక్ష, రెండిటి ముసలి తీగలు. మధ్యయుగంలో కార్తూసియన్ అనే క్రైస్తవ సన్యాసులు వేసిన తోటల్ని 1980ల చివర్లో రెనే బార్బియే, ఆల్వరో పలాసియోస్ లాంటి వైన్ తయారీదారులు మళ్లీ నిలబెట్టారు. స్పెయిన్‌లో అత్యున్నత హోదా ఉన్న రెడ్ వైన్ ప్రాంతాలు రియోహా, ఇది, అంతే. గంభీరమైన వైనే, జేబుకి బరువు. నాకు ఏడాదికోసారి చాలు.

మొనాస్త్రెల్ అనే ద్రాక్ష గురించి ఒక్క మాట: ఆగ్నేయంలో హుమియా, యెక్లా ఎడారి లాంటి నేలల్లో పండుతుంది, నల్లగా, చిక్కగా, చవగ్గా ఉంటుంది. బార్బెక్యూకి ఫర్వాలేదు. మెన్సియా అనే ద్రాక్ష దానికి పూర్తి వ్యతిరేకం. వాయవ్యంలో బియెర్సో, రిబెయిరా సాక్రా ప్రాంతాల వైన్, తేలిగ్గా, పుల్లపుల్లగా, పూల వాసనతో ఉంటుంది. దొరికితే వదలొద్దు.

మన భోజనంతో ఏది అని ఎవరైనా అడిగితే, కారం ఉన్నచోట టానిన్, ఆల్కహాల్, ఓక్ మూడూ శత్రువులే. కారాన్ని ఆల్కహాల్ ఎగదోస్తుంది, వగరు ఇంకా చేదెక్కుతుంది. కాబట్టి మటన్ వేపుడు పక్కన ఖరీదైన రిబేరా పెట్టడం రెండింటినీ పాడుచేసుకోవడమే. కారం తక్కువ వేసిన తందూరీకి, కబాబులకి రియోహా క్రియాన్సా సరిపోతుంది. గోంగూర మటన్‌కి అయితే మెన్సియా, అది లేకపోతే 14 శాతం దాటని లేత గార్నాచా, అదీ ఫ్రిజ్‌లో అరగంట పెట్టి. గోంగూర పులుపు ముందు పులుపు లేని వైన్ చప్పగా తేలిపోతుంది, అందుకే మెన్సియాని ముందు పెడుతున్నా.

ఆ అరగంట ఫ్రిజ్ నియమం రియోహాకీ రిబేరాకీ కూడా పనికొస్తుంది. ‘రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలి’ అన్న మాట 18 డిగ్రీల గదులున్న దేశాల్లో పుట్టింది. మే నెలలో విజయవాడ గదిలో పెట్టిన సీసా తెరిస్తే ముందు ముక్కుకి తగిలేది స్పిరిట్ ఘాటే.

సీసా మిగిలిపోతే కూడా మూడూ మూడు రకాలు. లేత రిబేరా మర్నాటికి గాలి తగిలి మెత్తబడి ఇంకా బాగుంటుంది, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. గార్నాచాకి గాలి పడదు, మర్నాటికల్లా ముగించడం మంచిది. పాత గ్రాన్ రెసెర్వా అయితే తీసిన రోజే తాగేయాలి. దాన్ని ఒకరోజు ముందే నిలబెట్టి ఉంచి, అడుగున చేరిన మడ్డి కదలకుండా మెల్లగా వంచండి.