ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన లాంగ్ బూమ్ పొక్లెయిన్: నాలుగేళ్ల వాడకం తర్వాత

భీమవరం చుట్టుపక్కల చేపల చెరువులు తవ్వడానికీ, మురుగు కాలువల్లో పూడిక తీయడానికీ యంత్రాలను అద్దెకు తిప్పే కుటుంబం మాది. 2021లో నేను లెగో టెక్నిక్ విడిభాగాలతో (గేర్లు, మోటార్లతో కదిలే బొమ్మలు కట్టుకునే ప్లాస్టిక్ ముక్కలతో) ఒక లాంగ్ బూమ్, అంటే పొడుగు చేయి ఉండే పొక్లెయిన్ నమూనాను కట్టడం మొదలుపెట్టి 2022 సంక్రాంతికి నడిపించగలిగాను. ఇది పెట్టెలో వచ్చిన నమూనా కాదు. మా సొంత యంత్రాన్ని టేపుతో కొలుచుకుని, ఆ కొలతలకు తగ్గట్టు నేనే రూపొందించుకున్నది. కావలసిన భాగాలను కువైట్‌లో ఉండే మా బావగారు రెండు దఫాలుగా తెచ్చారు. ఇప్పటికి సుమారు 2,600 ముక్కలు, ఆరు మోటార్లు, రెండు బ్యాటరీ పెట్టెలు అందులో ఉన్నాయి. అప్పటి నుంచి మధ్యలో కొన్ని విరామాలు తప్ప వారానికి కనీసం ఒక్కసారైనా దానిని నడుపుతూ వచ్చాను, రెండుసార్లు పూర్తిగా విప్పి మళ్లీ కట్టాను. ఇటువంటి పెద్ద నమూనా కట్టాలనుకునే మన ప్రాంతపు వారికి నా అనుభవం పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా లాంగ్ బూమ్‌నే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. పొక్లెయిన్ అన్నది నిజానికి ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. మన దగ్గర తవ్వే యంత్రాలన్నింటికీ అదే పేరు స్థిరపడిపోయింది. వాటిలో గోదావరి డెల్టాకు అచ్చంగా సరిపోయేది లాంగ్ బూమే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీయాలన్నా, యనమదుర్రు డ్రెయిన్ లాంటి చోట గుర్రపుడెక్కను లాగాలన్నా, యంత్రం గట్టు దిగకుండా సుమారు 15 మీటర్ల దూరం చేయి చాచాలి. గట్టు కింద మెత్తటి నల్ల మన్నులోకి 20 టన్నుల యంత్రం దిగితే తిరిగి పైకి రావడం కష్టం. అంత పొడుగు చేతిని ప్లాస్టిక్‌తో నిలబెట్టగలమా అన్నదే నన్ను ఈ పనిలోకి దింపిన ప్రశ్న.

కొలత 1:16గా పెట్టుకున్నాను. టెక్నిక్ బీమ్‌లలో (వరుసగా రంధ్రాలుండే పొడుగు ముక్కలలో) ఒక రంధ్రానికీ మరో రంధ్రానికీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ఈ లెక్కన ఒక్కో రంధ్రం అసలు యంత్రంలో 128 మిల్లీమీటర్లకు సమానం. చైన్ల వెలుపలి అంచు నుంచి అంచుకు దాదాపు మూడు మీటర్లు ఉండే యంత్రం 23 రంధ్రాల వెడల్పులో ఇమిడింది. 15 మీటర్ల చేయి 94 సెంటీమీటర్లయింది. పొడవు 16 రెట్లు తగ్గినప్పుడు బరువు 16ను మూడుసార్లు హెచ్చవేసినంత, అంటే 4,096 రెట్లు తగ్గాలి; 22 టన్నుల యంత్రానికి అది ఐదు కిలోల పైచిలుకు అవుతుంది. నా నమూనా బ్యాటరీలతో కలిపి 4.3 కిలోలు తూగుతుంది. బరువులో ఇంత దగ్గరగా రావడం వల్లనే దాని తూకం, ఊపు, ఆగేటప్పుడు ముందుకు వంగే తీరు అసలు యంత్రాన్ని గుర్తుచేస్తాయని నా నమ్మకం.

అసలు కష్టం బూమ్‌ను లేపే దగ్గర ఎదురైంది. నిజమైన యంత్రంలో బూమ్‌ను, అంటే చేతిలో యంత్రానికి అంటి ఉండే మొదటి భాగాన్ని, రెండు హైడ్రాలిక్ సిలిండర్లు లేపుతాయి. 20 టన్నుల తరగతిలో వాటి కడ్డీ సుమారు 1.3 మీటర్లు బయటికి వస్తుంది. 16తో భాగిస్తే అది 80 మిల్లీమీటర్ల పైన ఉండాలి. టెక్నిక్‌లో సిలిండర్‌కు బదులు వాడే లీనియర్ యాక్చుయేటర్ 2008లో వచ్చింది. లోపల మరచుట్టు తిరిగితే కడ్డీ బయటికి వస్తుంది. దాని పెద్ద రకం మూసినప్పుడు 11 రంధ్రాలు, తెరిచినప్పుడు 16 రంధ్రాలు, అంటే ప్రయాణం 40 మిల్లీమీటర్లే. కావలసిన దానిలో సగం. యంత్రాన్ని చూసి యాక్చుయేటర్‌ను అదే స్థానంలో బిగిస్తే బూమ్ సగం ఎత్తు లేచి ఆగిపోతుంది. అందుకని బిగించే చోటును బూమ్ కీలుకు దాదాపు సగం దూరానికి జరిపాను. అప్పుడు బూమ్ పూర్తిగా లేచింది కానీ, అదే బరువు లేపడానికి రెట్టింపు బలం కావలసి వచ్చింది. యాక్చుయేటర్ లోపల అధిక భారం పడితే జారే క్లచ్ ఉంటుంది. చేయి పూర్తిగా చాచి ఉన్నప్పుడు బూమ్ ఎత్తబోతే అది టకటకమని జారేది. మూడు నెలలు ఈ ఒక్క కీలు దగ్గరే గడిచాయి. చివరకు చేతి బరువునే తగ్గించుకుంటూ వచ్చాను: ఆర్మ్ (బూమ్ చివర బకెట్‌ను పట్టి ఉండే రెండో భాగం) మోటారును కొస నుంచి తీసి బూమ్ మొదట్లోకి మార్చి, పొడవైన యాక్సిల్‌తో అక్కడికి తిప్పడం అందించాను. దానితో జారడం ఆగింది. నాలుగేళ్ల తర్వాత కూడా ఆ యాక్చుయేటర్లు బాగానే పనిచేస్తున్నాయి, కీలు దగ్గర కొద్దిపాటి వదులు తప్ప. వాటిలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం, కరెంటు ఆపినా బూమ్ ఉన్నచోటనే నిలవడం. మరచుట్టును పైనున్న బరువు వెనక్కి తిప్పలేదు. నిజమైన యంత్రంలో ఆ పనిని వాల్వులు నూనెను బంధించి చేస్తాయి. సీలు అరిగితే రాత్రికి రాత్రి బూమ్ కిందికి దిగుతుంది. నమూనాలో ఆ బెంగ లేదు.

చేయి వంగడం రెండో సమస్య. మొదటిసారి కట్టినప్పుడు పూర్తిగా చాచిన చేతి కొస మూడు సెంటీమీటర్లు కిందికి వాలింది. బీమ్‌లను ఒకదాని చివర మరొకటి అతికించుకుంటూ పోవడమే నా పొరపాటు. గోడ కట్టే మేస్త్రీ అతుకు మీద అతుకు రాకుండా ఇటుక పేర్చినట్లు, ఒక వరుసలో అతుకు ఉన్నచోట పక్క వరుసలో నిండు బీమ్ ఉండేలా మార్చి, రెండు పక్కలనూ పైనా కిందా మూసి పెట్టెలా చేశాక వాలు సెంటీమీటరు లోపుకు వచ్చింది. లాంగ్ బూమ్‌కు ఎందుకు చిన్న బకెట్టే వేస్తారో కూడా అప్పుడే చేతికి తెలిసి వచ్చింది. 0.4 ఘనపు మీటర్ల బకెట్టు ఈ కొలతలో 98 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసంత. దాన్ని పెసలతో నింపితే 80 గ్రాములు. ఆ 80 గ్రాములు 90 సెంటీమీటర్ల దూరాన చూపే ప్రభావాన్ని వెనుక 15 సెంటీమీటర్ల దూరంలో సమం చేయాలంటే 480 గ్రాములు కావాలి. చేతి సొంత బరువు దానికి అదనం. అందుకని వెనుక పెట్టెలో వలలకు కట్టే సీసం గుండ్లు పోసి, పిల్లల చేతికి అందకుండా నాలుగు వైపులా మూసేశాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో బల భ్రామకం పాఠాన్ని ఈ గుండ్లు ఒక్కొక్కటే తీస్తూ, యంత్రం ఎప్పుడు ముందుకు తూలుతుందో చూస్తూ నేర్చుకుంది.

పై భాగం ఎన్ని చుట్లయినా తిరగాలి. నిజమైన యంత్రంలో నూనె గొట్టాలు మెలిపడకుండా నడుమ సెంటర్ జాయింట్ ఉంటుంది. నమూనాలో వైర్లకు అటువంటిది లేదు కనుక, చైన్లకూ స్వింగ్‌కూ (పై భాగాన్ని తిప్పడానికి) చెందిన మూడు మోటార్లను ఒక బ్యాటరీ పెట్టెతో కిందనే ఉంచి, బూమ్, ఆర్మ్, బకెట్ మోటార్లను రెండో పెట్టెతో పైన పెట్టాను. నడుమ ఒక్క వైరు కూడా దాటదు. ఒక్కో పెట్టెకు ఆరు చొప్పున 12 బ్యాటరీలు కావలసి రావడం దానికి చెల్లించిన మూల్యం.

నడపడం గురించి కొంచెం వివరంగా రాయాలి. ఈ బ్యాటరీ పెట్టెలు బ్లూటూత్ ద్వారా ఫోనుతో మాట్లాడతాయి. ఎడమ చేతి కింద స్వింగ్, ఆర్మ్. కుడి చేతి కింద బూమ్, బకెట్: మా యంత్రాల్లో లివర్లు ఏ వరుసలో ఉంటాయో తెరమీద కూడా అదే వరుసలో పెట్టాను. మా దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఆపరేటర్ చేతికి ఫోను ఇచ్చినప్పుడు ఆయన రెండు నిమిషాలు తంటాలు పడి, "నేను బకెట్టు చూడాలాండీ, ఈ అద్దం చూడాలాండీ?" అని అడిగాడు. ఆ ఒక్క మాటలో లోపమంతా ఉంది. లివరు ఎక్కడుందో ఆపరేటర్ ఎన్నడూ చూడడు, చేతికి తెలుస్తుంది. అతని చూపు బకెట్ పళ్ల మీదనే ఉంటుంది. నున్నటి తెరమీద వేలు ఎక్కడుందో తెలియదు, కనుక చూపు మాటిమాటికీ ఫోనుకు రావలసిందే. ఆ వారమే ఒక గేమ్ కంట్రోలర్‌ను ఫోనుకు కలిపాను. అప్పటి నుంచి ఆయన బూమ్ లేపుతూనే స్వింగ్ తిప్పి, ఆర్మ్ చాచి, పెసలను గిన్నెలో పోస్తుంటే, మా చెరువు గట్టున చూసిన చేతివాటమే మళ్లీ కనిపిస్తుంది. పెద్ద నమూనా కట్టేవారు ఖర్చులో కంట్రోలర్‌ను మొదటి రోజునే కలుపుకోవాలని నా గట్టి సలహా.

మన వాతావరణం ఈ బొమ్మలకు అనుకూలమైనది కాదు. 2023 వానాకాలంలో రెండు నెలలు నడపకుండా, బ్యాటరీలు తీయకుండా వదిలేశాను. రెండు మామూలు బ్యాటరీలు కారి, రాగి పట్టీల మీద తెల్లటి పొడి పేరుకుంది. వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆరబెట్టి బాగుచేసుకున్నాను. తర్వాత రీఛార్జి బ్యాటరీలకు మారాను. అవి ఒక్కోటి 1.5 వోల్టులకు బదులు 1.2 వోల్టులే ఇస్తాయి కనుక ఆరింటికి 9 బదులు 7.2 వోల్టులు వస్తుంది, బూమ్ కాస్త నెమ్మదిగా లేస్తుంది. ఆ నెమ్మదే అసలు యంత్రపు వేగానికి దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది. మరుసటి వేసవిలో చేయి చాచి ఉంచి, మేడమీద రేకుల గదిలో నెలన్నర మరిచాను. ఆ వేడిలో ఏబీఎస్ ప్లాస్టిక్ కరగదు గానీ, భారం మీద ఉన్న బీమ్‌లు మెల్లగా సాగి శాశ్వతంగా వంగాయి. తొమ్మిది బీమ్‌లు మార్చవలసి వచ్చింది. ఇప్పుడు పని అయ్యాక చేతిని ముడిచి, బకెట్‌ను నేల మీద ఆనించి వదులుతున్నాను. ఆపరేటర్లు అసలు యంత్రాన్ని రాత్రి వదిలే పద్ధతి కూడా ఇదే.

తవ్వడానికి మొదట రొయ్యల మేత గుళికలు వాడాను, ఈ కొలతకు అవి అచ్చం కంకరలా ఉంటాయి. అయితే మేతలోని నూనె భాగాలకు అంటి జిడ్డు పట్టింది, చీమలు పట్టాయి. రాగులు గేర్లలో ఇరుక్కున్నాయి. పెసలు సరిగ్గా కుదిరాయి. చైన్లు గచ్చు మీద జారతాయి కనుక కింద కొబ్బరి పీచు పట్ట పరుస్తాను.

ఖర్చు అరవై వేల రూపాయలు దాటింది. తగ్గించుకోవాలని ఒకసారి వేరే తయారీదారు చేసిన చవక బీమ్‌లు, పిన్నులు, యాక్సిళ్లు తెప్పించాను. బీమ్‌ల వరకు తేడా తెలియలేదు గానీ, పిన్నులు వదులై చేయి మళ్లీ వాలింది, యాక్సిళ్లు రెండు మెలిపడ్డాయి. బలం ప్రవహించే చోట చవక భాగం వద్దు, కేవలం రూపం కోసం పెట్టే తలుపులకూ కప్పులకూ పర్వాలేదు. సొంతంగా రూపొందించే ఓపిక లేనివారికి 2019లో వచ్చి, ఇప్పుడు తయారీ ఆగిపోయిన లెగో లీభెర్ ఆర్ 9800 సెట్ ఉంది: 4,108 ముక్కలు, ఏడు మోటార్లు, రెండు బ్యాటరీ పెట్టెలు. అది గనుల్లో వాడే 800 టన్నుల యంత్రానికి నమూనా. కట్టుదిట్టమైన రూపకల్పన చూసి నేర్చుకోవడానికి చాలా మంచిది. కాకపోతే అది మన కాలువ గట్లమీద ఎన్నడూ కనిపించని యంత్రం. మా ఊరి పిల్లలు నా నమూనా చుట్టూ చేరి, "ఇది మన డ్రెయిన్లో పనిచేసింది కదండీ" అని అడిగినప్పుడు వారి ముఖాల్లో కనిపించే గుర్తింపు కోసం నేను ఇన్ని నెలలు వెచ్చించడానికి సిద్ధం.

ప్రస్తుతం మూడోసారి విప్పాను. ఈసారి చైన్ల స్థానంలో పాంటూన్లు (నీటిపై తేలే పెట్టెలు) పెట్టి, నీటిలో తేలుతూ గుర్రపుడెక్క తీసే రకంగా మారుస్తున్నాను. 48 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు, 8 ఎత్తు గల రెండు పాంటూన్లు కలిపి సుమారు 6.1 లీటర్ల నీటిని తొలగించగలవు; 4.3 కిలోల నమూనా వాటిలో పది భాగాలకు ఏడు భాగాల లోతు మునుగుతుంది. ఇటుకల అతుకుల్లోంచి నీరు ఎక్కుతుంది కనుక లోపల థర్మోకోల్ దిమ్మలు కోసి బిగిస్తున్నాను. చేయి పక్కకు చాచినప్పుడు ఒక పాంటూన్ పూర్తిగా మునిగిపోకుండా రెండింటి మధ్య ఎంత ఎడం ఉంచాలన్నది ఇంకా తేలలేదు. పెరట్లో నీళ్ల తొట్టి నింపి, సీసం గుండ్లు జరుపుతూ చూస్తున్నాను.