పార్కిన్సన్స్‌లో అచ్చులు అణిగిపోతే: గట్టిగా మాట్లాడటం మేలా, నిదానంగానా?

పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల మాట అర్థం కాకపోతే హల్లులు సరిగా పలకడం లేదనుకుంటాం. అచ్చులూ దెబ్బతింటాయి. ‘ఆ’కి దవడ బాగా దిగాలి, ‘ఈ’కి నాలుక ముందుకొచ్చి లేవాలి, ‘ఊ’కి నాలుక వెనక్కి పోయి పెదవులు గుండ్రబడాలి. ఈ జబ్బులో కదలికలే చిన్నవైపోతాయి కనుక మూడూ తమ చోటిదాకా పోకుండా నోటి మధ్యకు జరుగుతాయి, ఒకదానిలా ఒకటి వినిపిస్తాయి.

ఇంట్లోవాళ్లు ఇచ్చే సలహాలు రెండే: గట్టిగా మాట్లాడు, లేదా నిదానంగా మాట్లాడు.

పార్కిన్సన్స్‌కి నా ఓటు మొదటిదానికే. దాని మీద కట్టిన చికిత్సే ఎల్‌ఎస్‌వీటీ (లీ సిల్వర్‌మన్ వాయిస్ ట్రీట్‌మెంట్) లౌడ్. 1987లో స్పీచ్ థెరపిస్టు లొరెయిన్ రామిగ్, సహచరులు మొదలుపెట్టారు. లీ సిల్వర్‌మన్ అనే పార్కిన్సన్స్ రోగి పేరు పెట్టారు. రోజుకో గంట, వారానికి 4 రోజులు, 4 వారాలు. మనిషి గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే, గొంతు పెంచడం. గొంతు పెరిగితే దవడ దానంతటదే ఎక్కువ తెరుచుకుంటుంది, నాలుకా దూరం పోతుంది, అచ్చులు విడివిడిగా వినిపిస్తాయి. ఇంకో చిక్కు కూడా ఇక్కడే తీరుతుంది: ఈ రోగులకు తమ గొంతు తగ్గిందని తెలియదు, అందరిలా మామూలు గొంతుతో మాట్లాడిస్తే ‘అరుస్తున్నానేమో’ అంటారు. తమ గొంతు మీద వాళ్లకున్న ఆ అంచనా మార్చడమే సగం చికిత్స. అయితే కంఠం బిగించి అరిపించడం వేరు. అది మేలు చేయదు.

నిదానం వల్ల నాలుకకు సమయం దొరికి అచ్చు నిండుగా పలుకుతుంది, నిజమే. కానీ ఆ వేగాన్ని మాటమాటకీ గుర్తుపెట్టుకోవాలి. కబుర్లలో పడగానే పాత వేగమే వచ్చేస్తుంది. తెలుగులో మరో ఇబ్బంది, హ్రస్వం సాగితే ‘పడు’ కాస్తా ‘పాడు’ అవుతుంది. సాగదీయడం కన్నా మాటల మధ్య ఆగడం నయం. మాటలు ఒకదాని మీద ఒకటి పడేలా తొందరపడే రోగులకు మాత్రం నిదానమే కావాలి.

జబ్బు మారితే నా తీర్పూ మారుతుంది. చిన్నమెదడు దెబ్బతిన్నవాళ్లకు గొంతు ఒక్కసారి పేలి, అంతలోనే తగ్గుతుంది, అచ్చుల నిడివీ అదుపు తప్పుతుంది. అక్కడ నిదానానికే మొగ్గు. పక్షవాతం తర్వాత వచ్చే అప్రాక్సియాలో కండరాల బలం కాదు, కదలికల పథకమే తప్పుతుంది. అక్కడ ఎంత గట్టిగా అన్నా తప్పు అచ్చే గట్టిగా వస్తుంది. వేలితో తాళం వేస్తూ నెమ్మదిగా పలికించడం మెరుగు. ఇక అఫేసియాలో, అంటే భాషే దెబ్బతిన్నప్పుడు, మెదడు మాటనే తప్పుగా ఎంచుకుంటే ఈ రెండిటితోనూ పని లేదు.

తేల్చుకోవాలంటే స్పీచ్ థెరపిస్టు దగ్గర ఒకే వాక్యాన్ని రెండు రకాలుగానూ రికార్డు చేయించండి. ఆ వాక్యం తెలియని మనిషికి వినిపించి, విన్నది రాయమనండి. ఇంట్లోవాళ్లు ఆ పని చేయకూడదు, వాళ్ల చెవి ఎప్పుడో అలవాటుపడిపోయింది.