138 మంది జనాభా ఉన్న సిటీలో ఒక రాత్రి

2020 జనగణనలో 138 మంది మాత్రమే తేలినా, అమెరికాలోని ఆరెగన్ రాష్ట్ర చట్టం ప్రకారం మిచెల్ సిటీయే. పోర్ట్‌లండ్ నుంచి 26వ నంబరు రహదారి మీద ప్రైన్‌విల్ దాటి, మొత్తం నాలుగు గంటలకు పైగా ప్రయాణిస్తే బ్రిడ్జ్ క్రీక్ అనే సన్నని వాగు పక్కన ఈ ఒంటివీధి ఊరు వస్తుంది. మేము చూసినప్పుడు పాదాలు తడిసేపాటి నీరే ఉన్న ఆ వాగు, 1904లోను 1956లోను కుంభవృష్టికి పొంగి ఊరిలో అనేక కట్టడాలను తుడిచిపెట్టిందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఇక్కడికి వచ్చేవారిలో అధికులు పది మైళ్ళ లోపున్న పెయింటెడ్ హిల్స్ అనే రంగుల కొండల కోసమే వస్తారు. మొదటిసారి మేము పోర్ట్‌లండ్ నుంచి ఒక్కరోజులో పోయి రావాలని బయలుదేరి, మిట్టమధ్యాహ్నం ఎండలో వెలిసిపోయినట్లున్న కొండలను చూసి నిరాశతో తిరిగివచ్చాము. మూడు కోట్ల ఏళ్ళకు పూర్వం కురిసిన అగ్నిపర్వతపు బూడిద మట్టిగా మారినప్పుడు, వెచ్చని తేమ వాతావరణం ఎర్రని పొరలను, పొడి వాతావరణం పసుపు పొరలను మిగిల్చింది; ఆ తేడా స్పష్టంగా తెలిసేది సాయంకాలపు ఏటవాలు వెలుతురులోనే. ప్రవేశ రుసుము లేదు. పావు మైలు మాత్రమే ఉండే పెయింటెడ్ కోవ్ బాటలో చెక్కవంతెన మీదుగా నడుస్తూ ఎర్రమట్టిని చేతికందేంత దగ్గరగా చూడవచ్చు గాని, అడుగుజాడలు ఏళ్ళ తరబడి చెరగవు కనుక బాట దిగరాదు.

ఆ ఆవరణలో గుడారాలకు అనుమతి లేదు కాబట్టి, సాయంత్రం చూడదలచినవారికి మిచెల్‌లో బసే అనుకూలం. సైకిల్ యాత్రికుల కోసం చర్చి భవనంలో నడుపుతున్న స్పోకెన్ హాస్టల్‌లో నిర్ణీతమైన అద్దె లేదు, తోచినంత విరాళం ఇస్తే చాలు. అయితే అంతస్తుల మంచాలు, ఉమ్మడి గది పెద్దవారికి, పసిపిల్లల తల్లులకు సౌకర్యం కాదు; వారు 48 మైళ్ళ దూరమైనా ప్రైన్‌విల్‌లో మోటెల్ తీసుకోవడం మేలు.

భోజనం విషయంలో మాత్రం ఊరిని నమ్ముకోరాదు. రెండోసారి ఊరిలో బస చేసి, కొండల నుంచి చీకటిపడ్డాక తిరిగివచ్చేసరికి తినుబండారాల చోట్లన్నీ మూసివేసి ఉన్నాయి; ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరే ఆ రాత్రి మాకు దిక్కయింది. శాకాహారులైతే రెండు పూటలకు సరిపడా తెచ్చుకోవాలి. పెట్రోలు ప్రైన్‌విల్‌లోనే నింపుకొని, ఫోన్ సిగ్నల్ తరచు పోతుంది కనుక మ్యాపును ముందే దింపుకోవాలి.