చెక్క అక్షరాల పలక: ఇద్దరు పిల్లలు దిద్దాక

మా పాపకు నాలుగో ఏడు రాగానే కొన్నం. ఒకవైపు అచ్చులు, ఇంకోవైపు హల్లులు గాడి తీసి ఉంటయి, దిద్దడానికి చెక్కపుల్ల ఇస్తరు. పాప ఇప్పుడు ఒకటో తరగతి, పలక తమ్ముడి చేతికొచ్చింది. రంగు వెలిసింది కానీ గాడులు కొత్తలో ఎట్లున్నయో అట్లనే ఉన్నయి.

చెయ్యి తిరగడానికి ఇది నిజంగా మంచిది. ఋ, ఊ లాంటి మెలికల అక్షరాలు బలపంతో మొదలుపెడితే పిల్లలు తొందరగా విసుగుపడతరు. గాడిలో పుల్ల దారి తప్పదు. అయితే ఎక్కడ మొదలుపెట్టాలో బాణం గుర్తు లేదు, పెద్దవాళ్లు పక్కన కూర్చోవాల్సిందే.

పలక మీది వరుసను మాత్రం పట్టుకోకండి. ఙ, ఞ, ణలతో మొదలయ్యే మాటలు మన ఇళ్లల్ల వినపడవు, వాటిని తర్వాత చూసుకోవచ్చు. ఆ, ట, త, ల, జ, డ వస్తే చాలు, పిల్లలు ఆట, తల, జడ సొంతంగా చదువుతరు. మా పాప మొదట చదివిన మాట 'జడ'. ఆ రోజు ఇంట్లో కనపడ్డ వాళ్లందరికీ చదివి వినిపించింది.

శబ్దం విషయానికొస్తే పలక ఏమీ చేయలేదు, అది మన నోటితోనే రావాలి. చాపలో చ వేరు, చీమలో చ వేరు. జొన్నరొట్టెలో జ, జీడిలో జ కూడా అంతే. మనం రోజూ పలికినట్టే పలకండి. అక్షరం చూసి బిడ్డ పలుకుబడి దిద్దకండి.

అసలు లోటు గుణింతం దగ్గర తెలుస్తది. గాడిలో క, తలకట్టు కలిసే ఉంటయి. అందుకని 'కి' చూసి అది కొత్త అక్షరమనుకుంటరు. దీనికి మా అత్తమ్మ పాత రాతిపలక తీసింది. క రాసి, తలకట్టును వేలితో తుడిచి, గుడి పెట్టి "కకు గుడిస్తే కి" అని పాడించింది. ప మీద అట్లనే చేసి, పాప చూసొచ్చిన పిల్లలమర్రి పేరులో మొదటి అక్షరం ఇదేనని చెప్పింది. అది వెంటనే పట్టుకుంది. జ, ట, బ, లలకు తలకట్టు లేదు కాబట్టి ఈ పద్ధతి క, గ, త, పలతో మొదలుపెట్టండి.

మూడు నిండని పిల్లలకైతే పుల్ల ఇవ్వకండి, వేలితోనే దిద్దించండి. కొనేటప్పుడు గాడిలో వేలు పెట్టి చూడండి. లోతు తక్కువైతే పుల్ల జారిపోతది, పీచు లేస్తే వేలికి గుచ్చుకుంటది.