పులిహోరకి 75 డాలర్లు: మా డబ్బాల వేట ప్రయాణం

ఆరెగన్ రాష్ట్రంలో రోడ్డు పక్కన, చెట్ల మధ్య నేలకి ఆనుకుని ఒక ఫలకం ఉంది. మా చిన్నోడు దాని ముందు గొంతుక్కూర్చుని దాని మీది అంకెల్ని వేలితో దిద్దుతున్నాడు. సరిగ్గా అప్పుడే నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. రాత్రి మేం పడుకున్న మోటెల్ వాళ్ళు మా కార్డు మీద ఇంకో 75 డాలర్లు లాగేశారు. ఫోన్ చేస్తే, గదిలో కూర వాసన వస్తోందట, అది పోగొట్టడానికి క్లీనింగ్ చార్జీ అట. మేం తిన్నది పులిహోర. ఇంట్లో కలిపి తెచ్చుకున్నది, చల్లారిపోయినది. ఆ గదిలో మేం స్టవ్ వెలిగించలేదు, ఏమీ వేడి చేయలేదు. నా కోపం ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

మేముండేది సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో. మూడేళ్ళుగా ఇంటిల్లిపాదికీ జియోక్యాషింగ్ పిచ్చి పట్టింది. ఎవరో ఒక డబ్బా దాచి, అది ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. మనం ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి, దొరికాక లోపలి పుస్తకంలో పేరు రాసి, ఎక్కడ తీశామో అక్కడే మళ్ళీ దాచేసి రావాలి. అందులోంచి బొమ్మో బిళ్ళో తీసుకుంటే అంతకు తగ్గనిది మనదొకటి పెట్టాలి. తినేవి మాత్రం పెట్టకూడదు. మా ఇంట్లో దీని పేరు డబ్బాల వేట. పదకొండేళ్ళ మా పెద్దది వెళ్ళిన ప్రతిచోటా ఫోటోలు తీసి, టైముతో సహా దాచుకుంటుంది. ఆ అలవాటే చివరికి మమ్మల్ని కాపాడింది.

ఈ ఆట ఆడేవాళ్ళకి మా వైపు మూడు చోట్లు ముఖ్యం. సియాటిల్‌లో ఫ్రీమాంట్ పేటలో ఈ ఆట నడిపే సంస్థ ఆఫీసు, స్నోక్వాల్మీ సొరంగం అవతల ఉన్న పాత డబ్బా, ఆరెగన్‌లో ఈ ఆట పుట్టిన చోట పెట్టిన ఈ ఫలకం. కొందరు ఒక్క రోజులోనే మూడూ పూర్తిచేస్తారు. పిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే ఆ పని చెయ్యకండి, కారులోనే రోజంతా అయిపోతుంది. రాజమండ్రి నుంచి మా అత్తయ్యగారు వచ్చి ఉన్నారు, అందుకని మేం జులైలో మూడు రోజులు పెట్టుకున్నాం.

శుక్రవారం ఆఫీసు చూశాం. ముందే టైం బుక్ చేసుకుని వెళ్ళండి. పిల్లలకి గంటన్నర ఇట్టే గడిచిపోయింది. అక్కడికి దగ్గర్లోనే వంతెన కింద కారుని గుప్పిట్లో పట్టుకున్న పెద్ద సిమెంటు రాక్షసుడున్నాడు, అదీ చూసి ఆరెగన్ దారి పట్టాం.

ఇక ఆ మోటెల్. గది 128 డాలర్లు, పన్నులతో 146 అయింది. బుక్ చేసినప్పుడు రెండు పెద్ద మంచాలు, నాన్ స్మోకింగ్ అని రాశారు. రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్తే కౌంటర్లో ఆయన మా ఐదుగురినీ లెక్కపెట్టి, నలుగురు దాటారు కాబట్టి ఇంకో 20 ఇవ్వమన్నాడు. పిల్లలు నిద్రకి తూలుతున్నారు, మా వారు మాట్లాడకుండా ఇచ్చేశారు. తలుపు తీస్తే సిగరెట్టు కంపు. కర్టెన్ అంచున బఠాణీ గింజంత కాలిన చిల్లులు మూడు. దుప్పటి మీద ఇంకొకటి. మా పెద్దది పెట్టె కింద పెట్టకముందే అన్నిటికీ ఫోటోలు తీసింది. ఏసీ వేస్తే కంపు ఇంకా ఎక్కువైంది, కిటికీ తెరుచుకోలేదు. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. అత్తయ్యగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మంచం చివర కూర్చున్నారు. "అమ్మాయ్, ముందు పిల్లలకి ఇంత పెట్టి పడుకోబెట్టు, తెల్లారితే పోతాంగా" అన్నారు. కాగితం ప్లేట్లలో తలా నాలుగు ముద్దలు తిని, ప్లేట్లు కవర్లో ముడేసి బయట చెత్తకుండీలో వేసి వచ్చాం. అదీ మా నేరం.

సిగరెట్టు కంపుతో 146 డాలర్లకి అమ్మిన గదిలో చింతపండు వాసనకి జరిమానా! మా వారు పోనీలే అన్నారు. నేను ఒప్పుకోలేదు. 75 గురించి కాదు, మన తిండిని మురికి లెక్కలో రాశారన్నదే నా బాధ. ఇంటికొచ్చాక మా పెద్దదాని ఫోటోలు, వాటి మీద రాత్రి 9:41 టైముతో సహా, కార్డు కంపెనీకి పంపాను. ఇరవై మూడు రోజులకి డబ్బు వెనక్కి వచ్చింది. ఎక్కడ దిగినా సామాను దించకముందే గది నాలుగు మూలలా ఫోటో తీసుకోండి. ఇది మాత్రం మర్చిపోకండి.

ఫలకం విషయానికొస్తే, చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు, కానీ కథ తెలిస్తే కదలబుద్ధి కాదు. పూర్వం మామూలు జనానికి వచ్చే జీపీఎస్ సిగ్నల్‌ని అమెరికా ప్రభుత్వం కావాలనే చెడగొట్టి ఇచ్చేది, చోటు వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపించేది. 2000 మే మొదట్లో అది ఆపేశారు. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఇక్కడి అడవిలో ఒక నల్ల బకెట్టు సగం పూడ్చి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాల అంకెలు ఇంటర్నెట్‌లో పెట్టి, వెతుక్కోండి అన్నాడు. అందులో పుస్తకాలు, ఉండేలు, కొంత డబ్బు, ఒక చిక్కుళ్ళ డబ్బా కూడా ఉన్నాయి. అలా మొదలైంది ఈ ఆట. చిన్నోడు వేలితో దిద్దిన అంకెలు అవే. దగ్గర్లోని డబ్బా ఎక్కడుందో చెప్పను, వెతుక్కోవాల్సిందే. నాకు మాత్రం మోటెల్ వాళ్ళతో ఫోన్లోనే సగం టైం పోయింది.

శనివారం రాత్రికి ఇల్లు చేరాం. ఆదివారం సొరంగానికి అత్తయ్యగారు రారేమో అనుకున్నాను. తెల్లారేసరికి స్వెట్టరూ మంకీ క్యాపూ తీసి సోఫా మీద పెట్టుకుని ఉన్నారు.

బెల్‌వ్యూ నుంచి ఐ-90 హైవే మీద గంట లోపే. సొరంగం ఇవతల హయాక్ దగ్గర కారు ఆపాలి, అందుకు కావలసిన డిస్కవర్ పాస్ రోజుకి 10 డాలర్లు. ఒకప్పుడు రైళ్ళు నడిచిన సొరంగం, పొడవు 2.3 మైళ్ళు. లోపల దీపాల్లేవు. జులైలోనూ చలి, పైనుంచి నీళ్ళు కారుతుంటాయి. నేల చదునుగా ఉంటుంది కాబట్టి నడవగలిగిన పెద్దవాళ్ళకి ఇబ్బంది లేదు. మనిషికో టార్చి తప్పనిసరి, ఫోన్ లైటు చాలదు. నవంబర్ 1 నుంచి మే 1 దాకా మూసేస్తారు.

సగం దారిలో అత్తయ్యగారు "లైట్లు ఆర్పండర్రా ఒకసారి" అన్నారు. ఆర్పాం. దూరంగా ఆవగింజంత వెలుతురు. చిన్నోడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నానమ్మా, భయంగా లేదా?" అంటే, "గర్భగుడిలో దీపంలా ఉందిరా" అన్నారావిడ. నీటి చుక్కలు పడే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. ఎవరూ ఫోన్ తియ్యలేదు.

అవతలి చివర ఎండ, లోయ, ఆకుపచ్చటి కొండలు. ఇక్కడి డబ్బా 2001లో ఒక హాలీవుడ్ సినిమా ప్రచారం కోసం దాచిన వాటిలో ఒకటి. అలాంటివి ఇప్పుడు ప్రపంచంలో రెండే ఉన్నాయి, రెండోది బ్రెజిల్‌లో. ఒకసారి ఇది దొంగతనానికి కూడా గురై, ఏళ్ళ తర్వాత మళ్ళీ దొరికింది. అత్తయ్యగారు సొరంగం ముందే కూర్చుంటానన్నారు, పిల్లలు వినలేదు, చెరో చెయ్యీ పట్టుకుని తీసుకెళ్ళారు. మూత తియ్యగానే తడి కాగితం వాసన. ఆవిడ బొడ్డు సంచిలోంచి ఏటికొప్పాక లక్క బొంగరం తీశారు, పసుపూ ఎరుపూ చారలది, బొటనవేలంత. రాజమండ్రి నుంచి పిల్లల కోసం తెచ్చినవాటిలో చివరిది. డబ్బాలో దాన్ని ఒక గాజుగోళీ పక్కన నిలబెట్టి, పడిపోతే మళ్ళీ నిలబెట్టారు. తర్వాత పుస్తకం తీసుకుని ఇంటిపేరుతో సహా తెలుగులో రాసి, కింద "రాజమండ్రి, తూర్పు గోదావరి" అని చేర్చారు.

మూడు రోజులకి పెట్రోలు 78 డాలర్లయింది. తిరిగి వచ్చేటప్పుడు సొరంగంలో అత్తయ్యగారే ముందు నడిచారు.