మొదట చూడవలసిన అనిమే ఏది: డెత్ నోటా, ఫుల్‌మెటల్ ఆల్కెమిస్టా?

అనిమే (జపాన్ యానిమేషన్) ఎన్నడూ చూడని పెద్దవాళ్లు ఎవరైనా "ఒక మంచి సిరీస్ చెప్పండి, మొదలుపెడతాను" అని అడిగితే, అభిమానులు ఉత్సాహంగా ఇరవై పేర్లు చెబుతారు. అడిగినవారు ఆ జాబితా చూసి బెదిరిపోతారు. వడపోయగా ఎక్కువసార్లు మిగిలే పేర్లు రెండు: 'డెత్ నోట్', 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్'. రెండూ మంచివే, రెండూ నాకు ఇష్టమైనవే. అయితే మొదట చూడవలసింది ఏది అన్నది వేరే ప్రశ్న. మొదటి సిరీస్ రుచించకపోతే "అనిమే నాకు పడదు" అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. మంచి కథలు ఎన్నో అలా వారికి దూరమైపోతాయి. అందుకే ఈ ఎంపికకు నేను ఇంత పట్టుబడతాను.

నేను ఇక్కడ దృష్టిలో పెట్టుకున్నది ముప్పై, నలభై ఏళ్ల ప్రేక్షకులను. ఇంట్లో పిల్లలు షిన్‌చాన్, డోరేమాన్ తెలుగులో చూస్తుంటే పక్క నుంచి విన్నవారు, అంతకు మించి పరిచయం లేనివారు. రాత్రి భోజనాలయ్యాక వారికి ఒక గంట దొరుకుతుంది. అలాంటివారికి ఇచ్చే కథకు ఒక ముగింపు ఉండాలి. అనిమే పద్ధతులేవీ ముందుగా తెలియకపోయినా అది అర్థం కావాలి. ఈ రెండు షరతులూ పెడితే చాలా పేర్లు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. 'వన్ పీస్' 1999 అక్టోబరులో మొదలై ఇప్పటికి 1,100 ఎపిసోడ్లు దాటింది, ఇంకా పూర్తి కాలేదు. దాన్ని ప్రేమించేవారి ప్రేమ నిజమే కానీ, కొత్తవారి చేతిలో అంత బరువు పెట్టకూడదు.

డెత్ నోట్ 37 ఎపిసోడ్ల కథ. తెత్సురో అరాకీ దర్శకత్వంలో మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసింది. 2006 అక్టోబరు నుంచి 2007 జూన్ దాకా జపాన్‌లో ప్రసారమైంది. రోజుకు గంట చొప్పున చూస్తే రెండు వారాల్లో అయిపోతుంది. లైట్ యగామీ అనే తెలివైన విద్యార్థికి ఒక నోటు పుస్తకం దొరుకుతుంది. మనిషి ముఖాన్ని తలచుకుంటూ అందులో పేరు రాస్తే 40 సెకన్లలో ఆ మనిషి చనిపోతాడు. లైట్ నేరస్థుల పేర్లు రాయడం మొదలుపెడతాడు. అతణ్ని పట్టుకోవడానికి ఎల్ అనే డిటెక్టివ్ రంగంలోకి దిగుతాడు. ఇంతే కథ. మొదటి ఎపిసోడ్ ముగిసేసరికి ప్రేక్షకులకు అంతా స్పష్టమైపోతుంది.

ఆ వేగమే దీని బలం. రెండో ఎపిసోడ్‌లోనే ఎల్ ఒక టీవీ ప్రసారాన్ని ఎరగా వేసి, హంతకుడు టోక్యో చుట్టుపక్కలి కాంతో ప్రాంతంలో ఉన్నాడని తేల్చేస్తాడు. ఆ ఎత్తు ఎలా పారిందో తెలిసినప్పుడు కుర్చీలో ముందుకు జరిగి కూర్చోనివారిని నేను చూడలేదు. డిటెక్టివ్ నవలలు ఇష్టంగా చదివినవారికి, ఎత్తుకు పైఎత్తు కథలు నచ్చేవారికి ఇందులో కొత్తగా అలవాటు చేసుకోవలసింది ఏమీ ఉండదు.

అయినా మొదటి సిరీస్‌గా దీన్ని ఇవ్వడానికి నా మనసు ఒప్పదు. ఇందులో సగం కథ పాత్రల మనసులోనే జరుగుతుంది. లైట్ ఆలోచిస్తాడు, ఎల్ ఆలోచిస్తాడు, ఒకరి ఆలోచనను మరొకరు ఊహిస్తారు. జపనీస్ మాటలు వింటూ ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు చదువుకునే అలవాటు లేనివారికి ఇది గట్టి పని. చదవడంలోనే కళ్లు అలసిపోతాయి, బొమ్మ మీద దృష్టి నిలవదు. పైగా కథలో మూడింట రెండు వంతులు గడిచాక ఒక పెద్ద మలుపు వస్తుంది. అక్కడి నుంచి కొత్త పాత్రలు వచ్చి పాత పోరును కొనసాగిస్తాయి కానీ, మొదటి భాగంలోని బిగి మళ్లీ రాదు. మీసా అనే అమ్మాయి పాత్రను మలచిన తీరు కూడా నన్ను బాధపెడుతుంది. ఆమె జీవితమంతా లైట్ చుట్టూ తిరగడానికే రాసినట్టు ఉంటుంది.

ఇంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. గదులు, ముఖాలు, మాటలు ఎక్కువగా ఉండే ఈ కథను మామూలు నటులతోనూ తీయవచ్చు, తీశారు కూడా. గీసిన బొమ్మ మాత్రమే ఇవ్వగల ఆనందం ఇందులో తక్కువ. ఒక పొటాటో చిప్ తినడాన్ని మహాయుద్ధంలా చూపించిన సన్నివేశం లాంటివి కొన్ని ఉన్నాయి, కానీ కొన్నే.

ఇక ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్. బోన్స్ స్టూడియో తీసిన 64 ఎపిసోడ్లు 2009 ఏప్రిల్ నుంచి 2010 జూలై దాకా వచ్చాయి. దర్శకుడు యాసుహిరో ఇరియే. మూలం హిరోము అరకావా గీసిన మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ. ఆమె హొక్కైడోలో పాడిపశువుల మీద బతికే కుటుంబంలో పుట్టి పెరిగారు. కష్టానికి, తిండికి, ప్రాణానికి ఉన్న ముడి ఆమెకు బాగా తెలుసని ఈ కథ అడుగడుగునా చెబుతుంది.

చనిపోయిన తల్లిని రసవాదంతో, అంటే ఒకదాన్ని మరొకటిగా మార్చే విద్యతో, బతికించాలని ఇద్దరు పిల్లలు ప్రయత్నిస్తారు. అది వికటిస్తుంది. అన్న ఎడ్వర్డ్ ఒక కాలు పోగొట్టుకుంటాడు. తమ్ముడు ఆల్ఫాన్స్ శరీరం మొత్తం మాయమవుతుంది. తమ్ముడి ప్రాణాన్ని ఒక ఇనుప కవచానికి అంటగట్టడం కోసం అన్న తన కుడిచేతిని కూడా ఇచ్చేస్తాడు. పోయినవి తిరిగి సంపాదించుకోవడానికి అన్నదమ్ములు చేసే ప్రయాణమే కథ. ఏదైనా పొందాలంటే అంతే విలువైనది ఇవ్వాలన్నది అక్కడి రసవాద సూత్రం. అమ్మ ప్రాణానికి సమానమైనది ఏమిటన్న ప్రశ్న అర్థం కావడానికి ఏ దేశపు ప్రేక్షకుడికీ వివరణ అక్కర్లేదు.

పెద్దవాళ్లను దీనికి కట్టిపడేసేది మాత్రం వెనక ఉన్న దేశం కథ. అమెస్ట్రిస్ సైన్యం పాలించే దేశం. ఇష్వాల్ అనే ప్రాంత ప్రజలను అది ఊచకోత కోసింది. ఆ యుద్ధంలో పాల్గొన్న అధికారులు ఇప్పుడు ఆ పాపంతో బతుకుతున్నారు. రాయ్ మస్టాంగ్, రిజా హాక్‌ఐ మంచివాళ్లు, మనకు నచ్చుతారు. వాళ్ల చేతులకు నెత్తురు అంటింది, వాళ్లకూ ఆ సంగతి తెలుసు. బతికి బయటపడిన ఇష్వాల్ మనిషి పగతో తిరుగుతుంటే, అతని వైపు కూడా న్యాయం ఉందని కథ ఒప్పుకుంటుంది. బొమ్మల కథలో ఇంత బరువైన విషయాన్ని ఇంత నిజాయితీగా చెబుతారని కొత్తవారు ఊహించరు. ఇక్కడి స్త్రీలు కూడా ఎవరి వెనకో నీడలా ఉండరు. కృత్రిమ అవయవాలు తయారుచేసే విన్రీ, ఉత్తర సరిహద్దు కోటను నడిపే ఒలివియర్, పిల్లలకు విద్య నేర్పిన ఇజుమీ ఎవరి బలం వారిది. పోరాట దృశ్యాల్లో నేల లేచి గోడవుతుంది, గోడ ఆయుధమవుతుంది. ఆ కదలికను చూస్తుంటే బొమ్మ ఎందుకు గీశారో తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. మొదటి ఎపిసోడ్ గందరగోళం. పరిచయం లేని పాత్రలను ఒకేసారి తెచ్చి పడేస్తుంది. ఇదే మాంగాను అదే స్టూడియో 2003లో ఒకసారి 51 ఎపిసోడ్లుగా తీసింది కాబట్టి, రెండోసారి ఆరంభ ఘట్టాలను త్వరత్వరగా దాటించారు. అన్నదమ్ముల అసలు విషాదం రెండో ఎపిసోడ్‌లో గానీ తెలియదు. మరొకటి, గంభీరమైన సంభాషణ నడుస్తుండగా పాత్ర ముఖం ఉన్నట్టుండి చిన్నపిల్లలు గీసిన బొమ్మలా మారి హాస్యమాడుతుంది. మాంగా చదివినవారికి ఇది మామూలే, కొత్తవారికి మాత్రం పంటికింద రాయిలా తగులుతుంది. కొన్ని ఎపిసోడ్లు గడిచాక అలవాటవుతుంది.

అన్నీ తూచి చూశాక నా ఓటు బ్రదర్‌హుడ్‌కే. సుమారు 25 గంటల కథ, అంటే నెలకు దగ్గరగా పడుతుంది. ఆ నెల వృథా పోదు. ఎందుకంటే ముగింపు రచయిత్రి స్వయంగా అనుకున్నదే. మాంగా, సిరీస్ రెండూ 2010లో దాదాపు ఒకే సమయంలో పూర్తయ్యాయి. మొదట్లో వేసిన ప్రతి ముడినీ చివర్లో విప్పారు. డెత్ నోట్‌ను నేను ఒక్క సందర్భంలోనే ముందుకు తెస్తాను: చూసేవారికి మాయలూ మంత్రాలూ మరీ ఎక్కువైతే గిట్టక, రెండు వారాలకు మించి ఓపిక కూడా లేకపోతే.

మిగతావాటి గురించి క్లుప్తంగా. 'డీమన్ స్లేయర్' బొమ్మల పనితనంలో గొప్పది. 2025లో దాని 'ఇన్ఫినిటీ కాసిల్' సినిమా తెలుగు డబ్బింగుతోనూ థియేటర్లకు వచ్చింది కాబట్టి, చాలామంది పిల్లలతో వెళ్లి చూసి అక్కడ మొదలుపెడదామనుకుంటున్నారు. అది కథ ముగింపుకు దగ్గరపడ్డాక వచ్చే ఘట్టం. 2019లో వచ్చిన 26 ఎపిసోడ్ల మొదటి సీజన్ నుంచి చూడండి. పది, పన్నెండేళ్ల పిల్లలతో కలిసి చూడాలంటే 'స్పై × ఫ్యామిలీ' హాయిగా ఉంటుంది. సబ్‌టైటిళ్లు అసలు వద్దనుకునేవారికి అనిమే స్ట్రీమింగ్ యాప్ క్రంచీరోల్‌లో తెలుగు మాటలతో కొన్ని సిరీస్‌లు ఉన్నాయి. 'సోలో లెవలింగ్' వాటిలో ఒకటి, కథ పలుచన అయినా పోరాటాలు ఉర్రూతలూగిస్తాయి. డెత్ నోట్ తీసిన మ్యాడ్‌హౌస్ 2023లో మొదలుపెట్టిన 'ఫ్రీరెన్' నాకు ప్రాణం. రాక్షసరాజును చంపి వీరులు ఇంటికి తిరిగొచ్చాక మొదలయ్యే కథ అది. నెమ్మదిగా సాగుతుంది కనుక దాన్ని రెండోదిగా ఉంచుకోండి.

బ్రదర్‌హుడ్ వెతికేటప్పుడు 2003 నాటి సిరీస్ కూడా దాదాపు అదే పేరుతో కనిపిస్తుంది. మాంగా అప్పటికి సగంలోనే ఉండటంతో దాని కథ మధ్యలో వేరే దారి పట్టింది. పేరు చివర 'బ్రదర్‌హుడ్' ఉన్నదాన్నే ఎంచుకోండి. ఐదో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టండి. నాలుగోది గుండెను పిండుతుంది కనుక చిన్నపిల్లలు నిద్రపోయాక చూడండి. ఐదు చూశాక కూడా తరువాతి కథ తెలుసుకోవాలనిపించకపోతే, మొహమాటపడకుండా డెత్ నోట్‌కు మారిపోండి.